నీళ్ల పొయ్యికి మట్టి మందంగా వేస్తే సెగ పెరుగుతుందా, తగ్గుతుందా?

చింతపల్లి అబ్బాయి:
లంబసింగి దగ్గర మా ఊరు. డిసెంబరు వచ్చిందంటే తెల్లారగట్ల నీళ్లు ముట్టుకోలేం. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద 40 లీటర్ల డేగిసా పెట్టి ఇంట్లో ఐదుగురికీ నీళ్లు కాస్తాం. కట్టెలు మోసేది మా అమ్మ. మోకాళ్ల నొప్పులతో ఆ మోపు ఎత్తుకుని వస్తుంటే చూడలేకపోతున్నాను. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ పొయ్యి మార్చాలని ఉంది. జానెడు మందం మట్టి గోడ కట్టి లోపల రాళ్లు పేర్చితే వేడి నిలబడుతుందని మామయ్య అంటున్నాడు. మట్టి వద్దు, డేగిసా చుట్టూ రేకు చుడితే చాలని బావ అంటున్నాడు. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. పొగగొట్టం సంగతి కూడా చెప్పండి.

నర్సీపట్నం మేస్త్రి:
మీ మామయ్య చెప్పిందే కరెక్టు తమ్ముడూ. 25 ఏళ్లుగా పొయ్యిలు వేస్తున్నాను. గోడ మందంగా ఉంటేనే సెగ బయటికి పోదు. పొద్దున వండితే మధ్యాహ్నం దాకా పొయ్యి వెచ్చగానే ఉంటుంది. పిడకల నిప్పు వేసే దాలిలో పాలు సాయంత్రం దాకా ఎలా కాగుతున్నాయి మరి? అదంతా మట్టి పట్టి ఉంచిన వేడే కదా. రేకు అంటారా, రెండు వానాకాలాలు కూడా ఉండదు.

ఫిజిక్స్ పంతులు:
మేస్త్రి గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ మధ్యాహ్నం దాకా గోడ వెచ్చగా ఉందంటే, ఆ వేడి డేగిసాకు చేరలేదనే కదా అర్థం! అది కూడా కట్టెల్లోంచి వచ్చిందే.

ఒకసారి లెక్క వేద్దాం. 40 లీటర్ల నీళ్లను 15 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 1,800 కిలో కేలరీలు కావాలి. బాగా ఎండిన కట్టె కిలో కాలితే సుమారు 3,500 వస్తాయి. అంటే సెగ అంతా నీళ్లకే చేరితే అరకిలో కట్టె చాలు. మూడు రాళ్ల పొయ్యిలో నీళ్లకు చేరేది నూటికి 10, 15 వంతులే కాబట్టి నాలుగైదు కిలోల దాకా కాలుస్తున్నాం. ఇప్పుడు గోడ సంగతి. ఆ సైజు డేగిసాకు జానెడు మందం గోడ కడితే మట్టి 200 కిలోలకు తగ్గదు. అది సగటున 50 డిగ్రీలు వేడెక్కాలంటే 2,000 కిలో కేలరీలు లాగుతుంది. నీళ్లకు కావలసినదానికంటే గోడ తాగేదే ఎక్కువ. రోజంతా వంట సాగే చోట గోడ ఒకసారి కాగాక పరవాలేదు. తెల్లారి ఒక్క గంట మండే నీళ్ల పొయ్యికి మాత్రం అది దండగ.

ఇక దాలి. అక్కడ పాలు కాగేది గోడ వల్ల కాదు. పిడకల నిప్పు మీద బూడిద కప్పుకుని నిదానంగా రాజుకుంటుంది. బూడిద తేలిక, లోపలంతా గాలి, అందుకే సెగను బయటికి వదలదు. మన పెద్దవాళ్లు వేడిని ఆపడానికి వాడింది మట్టిని కాదు, బూడిదను. ఈ విషయం చెప్పాలనే ఇంత పెద్ద పోస్టు రాశాను.

పొగలేని పొయ్యి ఆలోచనకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో తయారైన పొయ్యి మీద ఎస్.పి. రాజు గారు 1953లో పుస్తకమే వేశారు. 1983లో కేంద్రం దేశమంతటా మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. పొగ బయటికి పంపడంలో గొట్టం పొయ్యిలు మేలే. కట్టె ఆదా అలా కాదు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో 1970లలో వచ్చిన లోరెనా అనే బరువైన మట్టి పొయ్యిని తర్వాత కొలిచి చూస్తే, మామూలు పొయ్యి కంటే కట్టె పెద్దగా ఆదా కాలేదు. ఆ తర్వాతే అమెరికాలో ల్యారీ వినియార్‌స్కీ అనే ఇంజినీరు మంట చుట్టూ తేలికైన సరుకు పెట్టే రాకెట్ పొయ్యి పద్ధతి చెప్పారు.

మిషిగన్ నుంచి:
మామయ్య గారు ఇక్కడి కట్టెల స్టవ్‌ల వీడియోలు ఏవో చూసి ఉంటారు. మేం కట్టెల స్టవ్ పెట్టేది గది వెచ్చబడటానికి. రాత్రి మంట ఆరిపోయినా ఇటుకలు పొద్దుటిదాకా వేడి వదులుతూ ఉండాలి, కాబట్టి ఇక్కడ బరువు మంచిదే. మీకు కావలసింది గది వేడా, నీళ్ల వేడా? ముందు అది తేల్చుకోండి. ఇంకో మాట. చలిగా ఉందని నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసుకుని పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం పోయేదాకా తెలియదు.

నర్సీపట్నం మేస్త్రి:
లెక్క బాగుంది పంతులు గారూ, కాదనను. కానీ ఆ ఊళ్లో తెల్లారగట్ల గాలి మీరు చూశారా? గోడ లేకపోతే మంట ఒక పక్కకే కొట్టుకుపోతుంది. వట్టి బూడిదతో గోడ నిలవదు కదా.

ఫిజిక్స్ పంతులు:
గాలి విషయంలో మీదే కరెక్టు. గోడ ఉండాలి, కానీ పల్చగా. లోపల అడుగు తీసేసిన పాత మట్టి కుండ బోర్లించి, ముందు కట్టెలకు నోరు కత్తిరించి, కుండకూ గోడకూ మధ్య సందులో జల్లించిన పొడి బూడిద కూరండి. మంట తాకేది కుండ, గాలిని ఆపేది గోడ, సెగను ఆపేది బూడిద.

హాస్టల్ వంట అక్క:
బాబూ, ఇంత చర్చలో గిన్నె ఎలా కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. 18 ఏళ్లు కట్టెల మీద వండాను. గిన్నె అడుగు, పొయ్యి అంచు అతుక్కుంటే పొగ ముందుకు తంతుంది. మరీ ఎత్తులో ఉంటే మంట పక్కల నుంచి పైకి లేచి, చేతిలో గరిటె కాడ కాలుతుంది కానీ ఎసరు మరగదు. అంచు మీద మూడు చిన్న గడ్డలు పెట్టి, గిన్నె అడుగున చిటికెన వేలు దూరేంత సందు ఉంచు. మీ బావ చెప్పిన రేకూ మంచిదే. అది కూడా డేగిసాకు అంతే ఎడంగా చుట్టూ నిలబడాలి, అప్పుడు పోయే సెగ పక్కలను రాసుకుంటూ పోతుంది. జీఐ రేకు మాత్రం వద్దు. దాని జింకు పూత కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. వాగులోంచి తెచ్చిన రాళ్లు కూడా పెట్టకు, లోపల తడి ఉంటే పేలతాయి.

కట్టెలు బొటనవేలు లావు చీల్చుకో. కింద నాలుగు ఇనప చువ్వలు అడ్డంగా వేసి వాటి మీద పేర్చు, గాలి కింద నుంచి అందుతుంది. ఊదుగొట్టం పట్టుకుని కళ్లు మండించుకోవాల్సిన పని ఉండదు. పొయ్యి పెరట్లోనే కాబట్టి గొట్టం అక్కర్లేదు. ఇంట్లో వండేదైతే మాత్రం కట్టె కాస్త ఎక్కువైనా గొట్టం పెట్టాల్సిందే, ఆడవాళ్ల ఊపిరితిత్తుల కంటే కట్టెలు ఎక్కువ కాదు.

చింతపల్లి అబ్బాయి:
అందరికీ దండాలు. పండక్కి వెళ్లి కుండ, బూడిద పద్ధతిలోనే కట్టాను. గోడ మామయ్యే వేశాడు, నాలుగు వేళ్ల మందం. రెండు పాత నూనె డబ్బాలు కత్తిరించి, రంగు కాల్చేసి, కలిపి చుట్టాం. మొదటి రోజు డేగిసాకు రేకు ఒక పక్క ఆనిపోయి అటు మసి పట్టింది. సందులో మూడు మేకులు పెట్టాక సరిపోయింది. మంట ఇప్పుడు కుండ లోపల బుసకొడుతూ నిటారుగా లేస్తోంది. పాత పొయ్యిలో కాల్చినట్టే ఐదు కట్టల పుల్లలు విడిగా పెట్టి అంటించాం. డేగిసాలో వేలు పెట్టలేనంత వేడెక్కేసరికి రెండు కట్టలు మిగిలాయి. అమ్మ ఏమీ అనలేదు. ఆ రెండూ తీసుకెళ్లి మంచు తగలకుండా చూరు కింద పెట్టింది.

కుండ ఒక పక్క సన్నగా బీట వేసింది. అక్కా, బంకమట్టిలో ఊక కలిపి పూస్తే ఆగుతుందా?