అప్‌డేట్: ఆవాలకు పూసా బోల్డే వేశాను

సోయా కోసిన చేనులో యాసంగికి ఆవాల రకాల్లో వరుణ వేయాలా, పూసా బోల్డా అని ఇంతకుముందు అడిగాను కదా. బోల్డే వేశాను, కోత కూడా అయిపోయింది. పేరుకు తగ్గట్టే గింజ లావు. నలిపితే వేళ్లకు నూనె అంటుతోంది. డీఏపీ ఎరువుకు బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయమన్న సలహా పాటించాను. అందులో గంధకం ఉంటుంది, నూనె పంటకు అదే మేలు.

టెన్షన్ పెట్టింది రసం పీల్చే పురుగు పేనుబంకే. మబ్బు పట్టిన వారంలో పూత కొసలన్నీ జిగురు! అంటుకున్న కొమ్మలు తుంచేసి, వేపనూనె కొట్టాం. ముప్పావు వంతు కాయలు పసుపు తిరగగానే, మంచు ఆరకముందే కోయించాను. ఎండెక్కితే కాయ పగిలి గింజ నేలపాలే.

మా వైపు కొనేవాళ్లు తక్కువ, సగం గానుగకే పంపుతున్నా. వంట నూనె కోసమే వేసేవాళ్లు ఎరూసిక్ ఆమ్లం (ఆవనూనెలో ఉండే ఒక కొవ్వు ఆమ్లం, వంటకు తక్కువుంటేనే మేలు) 2 శాతంలోపు ఉండే పూసా మస్టర్డ్ 30 రకం కూడా చూడండి.