అమ్మానాన్నలతో ప్రయాణాలకు సిటీయా, వెర్నాయా, స్లావియానా?

ప్రశ్న

నమస్కారం. మేము విజయవాడలో ఉంటాము. డెబ్బై దాటిన అమ్మానాన్నలు, మేమిద్దరం, పదేళ్ల పాప కలిపి ఐదుగురం. రోజూ ఊళ్లో తిరుగుడు, నెలకొకసారి హైదరాబాదు, పండగలకు అవనిగడ్డ దగ్గరి మా పల్లె, ఇదీ మా వాడకం. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా మూడు కార్లూ చూశాము గాని, అమ్మకు మోకాళ్ల నొప్పులు కావడంతో, నాన్నేమో డిక్కీ పెద్దదిగా ఉండాలని పట్టుబట్టడంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నాము. ఆటోమేటిక్ బండే కావాలి. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

డిక్కీ గురించి బెంగ వద్దండి. పెట్రోలు సిటీలో 506 లీటర్లు, స్లావియాలో 521, వెర్నాలో 528. తేడా అంతా కలిపితే ఒక చేతిసంచి. అయితే మైలేజీకి ఆశపడి సిటీ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుకు తోడు బ్యాటరీ మోటారు ఉన్న రకం) వైపు వెళ్తే, బ్యాటరీ వెనుక చోటును ఆక్రమించడం వల్ల అది సుమారు 300 లీటర్లకు తగ్గిపోతుంది. మీ నాన్నగారు ఒప్పుకోరు!

అసలు పరీక్ష వెనుక సీటుది. సెడాన్‌లో, అంటే విడి డిక్కీతో నేలకు దగ్గరగా ఉండే ఇలాంటి కారులో, కూర్చోవడమంటే కిందికి దిగడం, లేవడమంటే పైకి ఎక్కడం. వెర్నా పైకప్పు వెనక్కి బాగా వాలి ఉంటుంది కాబట్టి పెద్దవారు తల వంచి ఎక్కాలి. స్లావియాలో నేల మధ్యన ఉన్న గట్టు మూడోవారి కాళ్లకు అడ్డు తగులుతుంది. నా మొగ్గు సిటీకే. అయినా అమ్మగారిని షోరూముకు తీసుకెళ్లి నాలుగైదుసార్లు ఎక్కించి దింపకుండా బయానా ఇవ్వకండి.

రెండో సమాధానం

పై మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు సిటీలో 165 మిల్లీమీటర్లు, స్లావియాలో 179. పైగా అవి ఖాళీ బండి కొలతలు. ఐదుగురు కూర్చుని డిక్కీ నిండితే వెనుక భాగం కుంగి, పల్లెల్లో ఎవరికివారు పోసుకున్న స్పీడు బ్రేకర్ల మీద అడుగు రాసుకుంటుంది. హైదరాబాదు దారిలో లారీలను దాటేటప్పుడు సిటీలోని సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) గేరుతో ఇంజను మోత ఎక్కువ, ఊపు నిదానం. స్లావియా ఒక లీటరు టర్బో ఇంజను తక్కువ వేగంలో తిరుగుతున్నప్పుడే 178 న్యూటన్ మీటర్ల తిప్పే బలం (టార్క్) అందుతుంది.

భద్రత సంగతి కూడా చూడండి. 2023లో కార్లను ఢీకొట్టించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వెర్నాకూ స్లావియాకూ ఐదేసి నక్షత్రాలు ఇచ్చింది గాని, ఆ పరీక్షలో స్లావియా బాడీ కట్టడం స్థిరమైనదనీ వెర్నాది కాదనీ కూడా తేల్చింది. నక్షత్రాలు లెక్కపెట్టి ఆగిపోకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న అమ్మను తీసుకెళ్లాము. వెర్నా పక్కకు పోయింది, తక్కిన రెండింటిలో ఆవిడకు తేడా తెలియలేదు. శనివారం రెండు బళ్లనూ పల్లె దాకా ఇవ్వడానికి షోరూములవారు ఒప్పుకున్నారు. ఐదుగురమూ ఎక్కి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసి నడిపి చూస్తాము.