వర్తమానం అంటే ఇప్పుడు జరిగేదా, వచ్చిన కబురా?

మొన్న చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో తెలుగు పత్రికల చరిత్ర మీద ఒక పుస్తకం తిరగేస్తున్నాను. పక్క కుర్చీలో గ్రూప్-2కి చదువుకుంటున్న కుర్రాడు తొంగి చూసి, 'వర్తమాన తరంగిణి అంటే కరెంట్ అఫైర్స్ మ్యాగజైనా సార్?' అన్నాడు. నవ్వొచ్చింది. కానీ బస్సెక్కాక ఆలోచిస్తే, వాడన్నది పూర్తిగా తప్పని ఎలా చెప్పాలో తోచలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అది 1842లో మద్రాసులో మొదలైన తెలుగు పత్రిక. నడిపినాయన రహమతుల్లా. (తెలుగు పత్రికల తొలి రోజుల్లోనే ఒక ముస్లిం సంపాదకుడున్నాడని ఎంతమందికి తెలుసో!) ఆ పేరులో వర్తమానం అంటే భూత భవిష్యత్తుల మధ్య ఉండే కాలం కాదు. వార్త. అంటే వార్తల నది అన్నమాట.

మూలం సంస్కృతంలోని 'వృత్' ధాతువు. ఉండటం, జరగటం అని అర్థం. జరుగుతూ ఉన్నది వర్తమానం. వ్యాకరణం ఆ మాటను కాలానికి వాడుకుంది, లోకం కబురుకి వాడుకుంది. వార్త, వృత్తాంతం కూడా ఈ ఇంటి పిల్లలే. 1838లో మద్రాసులోనే వచ్చిన మరో పత్రిక పేరు 'వృత్తాంతి'. వార్తకైతే ఇంకో పాత అర్థం ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వార్త అంటే వ్యవసాయం, పశుపోషణ, వ్యాపారం. జనం బతుకుతెరువు! ఇప్పుడు పేపర్లో అవి ఏ మూల పేజీలో ఉంటాయో మీకు తెలిసిందే.

పాత రాతల్లో ఏ అర్థమో పట్టుకోవడానికి నేను క్రియ చూస్తాను. వర్తమానం పంపారు, అందింది, తెలిసింది అంటే అది కబురే. పక్కన కాలమో, స్థితో ఉంటే ఇప్పటిది. బహువచనం మరీ తేలిక. 'యుద్ధ వర్తమానములు' అని కనబడితే అవి వార్తలే, ఎందుకంటే ఇప్పటి కాలాన్ని రెండు మూడుగా లెక్కపెట్టం కదా. చిక్కంతా సమాసాల్లోనే. 'వర్తమాన విషయములు' అని ఉంటే వార్తల్లోని విషయాలా, ఇప్పటి విషయాలా? అలాంటి చోట చుట్టూ నాలుగు వాక్యాలు చదవాల్సిందే, వేరే దారి లేదు. బ్రౌన్ నిఘంటువులో రెండర్థాలూ ఉన్నాయి.

మన చుట్టుపక్కల వాళ్లు ఈ అర్థాన్ని వదల్లేదు. మరాఠీలో న్యూస్‌పేపర్ అంటే వర్తమానపత్ర. మలయాళంలో వర్తమానం చెప్పుకోవడమంటే కబుర్లాడుకోవడం. మనకూ కబురు ఒకటైతే సమాచారం, కబుర్లు అయితే కాలక్షేపం. మనవాళ్లు మాత్రం వర్తమానాన్ని స్కూలు వ్యాకరణానికి అప్పజెప్పేశారు. హైదరాబాద్‌లో అయితే దానికి హిందీ పాఠాల 'వర్తమాన్ కాల్' కూడా తోడైందని నా అనుమానం.

అయితే మాట చావలేదు. సికింద్రాబాద్ వైపు గోడల మీద సువార్త సభల పోస్టర్లు చూడండి, ప్రసంగించేవారి పేరు దగ్గర 'దైవ వర్తమానికులు' అని ఉంటుంది. చర్చిలో ప్రసంగాన్ని ఇప్పటికీ వర్తమానం అంటారు. తెలుగు బైబిల్లో లూకా రెండో అధ్యాయంలో, గొర్రెల కాపరులకు దేవదూత చెప్పేది 'సువర్తమానము'. మనం పాత పేపర్లలో వెతుక్కుంటున్న అర్థం అక్కడ ప్రతి ఆదివారం మైకులో వినబడుతోంది.

ఇక కుర్రాడి సంగతి. వాడి కోచింగ్ నోట్సులో 'వర్తమాన వ్యవహారాలు' అని ఒక శీర్షిక ఉంది. ఇప్పటి వ్యవహారాలన్నా సరిపోతుంది, వార్తల్లోని వ్యవహారాలన్నా సరిపోతుంది. వాడి ప్రశ్నకి అవునన్నా కాదన్నా మార్కులు వేయాల్సిందే.

తా.క. పెళ్లికో చావుకో మనిషిని పంపి చెప్పించడాన్ని మీ ఇళ్లలో పెద్దవాళ్లు 'వర్తమానం పంపడం' అనేవారా? అంటే ఏ ఊళ్లో, ఎవరు అనేవారో కూడా రాయండి.