లేజర్ ఒంటికి సరే, ముఖానికి మాత్రం వద్దంటాను. మీరేమంటారు?

వానకోయిల:
మా చెల్లి పై పెదవి మీదా గడ్డం మీదా వెంట్రుకలు పోవడానికి లేజర్ చేయించుకుంటానంటోంది. నేను వద్దంటున్నాను. కొన్నాళ్లుగా ఇంట్లో ఇదే వాదన. నేను లేజర్‌కి వ్యతిరేకిని కాదు. కాళ్లకు, చంకలకు చేయించుకున్నాను, వాక్సింగ్ బాధ తప్పి హాయిగా ఉన్నాను. కానీ ముఖం సంగతి వేరు. నా స్నేహితురాలు చెంపల మీద నూగు పోవాలని చేయించుకుంది. నూగు పోకపోగా, కొన్ని నెలలకు చెవి ముందు నుంచి దవడ దాకా ముతక వెంట్రుకలు మొలిచాయి. దగ్గరికొచ్చి చూస్తే తప్ప కనిపించనివి ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తున్నాయి. పైగా కాలి మీద మచ్చ పడితే బట్ట కప్పుకుంటాం, మూతి మీద పడితే ఏం చేస్తాం?

అందుకే మెడ కింద ఎక్కడైనా చేయించుకోండి, మెడ పైన వద్దు అంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి. చేయించుకున్న రోజు నుంచి ఏమేం జరిగిందో కూడా రాయండి. చెల్లికి చూపిస్తాను.

ఆకుపచ్చదారి:
నేను కాదంటాను అక్కా. నాకు గడ్డం కింద నల్లగా, మొరటుగా వచ్చేవి. పొద్దున తీస్తే సాయంత్రానికి చేతికి గరుగ్గా తగిలేవి. ఎవరితోనైనా మాట్లాడుతుంటే చెయ్యి దానంతటదే గడ్డం మీదికి పోయేది. ఆ టెన్షన్ ఇప్పుడు లేదు. ఎప్పుడైనా ఒకటీ అరా సన్నటివి వస్తాయి, అంతే.

చేసిన పూట చర్మం ఎర్రబడి చురచురలాడింది. వెంట్రుక ఉన్న చోటల్లా చీమ కుట్టినట్టు చిన్న ఉబ్బు లేచింది. మర్నాటికి తగ్గిపోయింది. కంగారుపెట్టింది ఆ తర్వాతి రోజులే. వెంట్రుకలు పోలేదు సరికదా, పెరుగుతున్నట్టు కనిపించాయి. గడ్డమంతా నల్లటి చుక్కలు. ఒకరోజు ముఖం కడుక్కుని తువ్వాలుతో అద్దుకుంటే దాని మీద మిరియపు పొడి చల్లినట్టు పొట్టి పొట్టి ముక్కలు అంటుకున్నాయి. వేలితో మెల్లగా రాస్తే ఇంకొన్ని జారి వచ్చాయి, నొప్పన్నదే తెలియలేదు. అలా ఒక్కొక్కటే రాలి గడ్డం నునుపైంది. ఇది మీ చెల్లికి ముందే చెప్పండి. లేకపోతే మధ్యలో అద్దం చూసుకుని డబ్బంతా పోయిందనుకుని ఏడుస్తుంది.

లేతవెలుగు:
చర్మవ్యాధుల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. మీరిద్దరూ చెప్పినవి రెండూ నేను చూశాను. తేడా ముఖానికీ ఒంటికీ మధ్య లేదు. ముతక వెంట్రుకకూ నూగుకూ మధ్య ఉంది.

లేజర్ కాంతిని పీల్చుకునేది వెంట్రుకలోని మెలనిన్ అనే రంగు. అది వేడెక్కితే ఆ వేడి కుదురు దాకా పాకి, వెంట్రుకను మళ్లీ పుట్టించే కణాలను దెబ్బతీస్తుంది. చుట్టుపక్కల చర్మాన్ని కాల్చకుండా రంగున్న భాగాన్నే వేడి చేయవచ్చని ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు 1983లో రాశారు. ఇప్పటి యంత్రాలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. గడ్డం కింది నల్లటి ముతక వెంట్రుకలో రంగు దండిగా ఉంటుంది కాబట్టి వేడి కుదురుకు అందుతుంది. చెంప మీది నూగులో రంగు అంతంతమాత్రం. అక్కడ కుదురు చావదు, వెచ్చబడి ఊరుకుంటుంది. ఆ చాలీచాలని వేడే నిద్రలో ఉన్న కుదుళ్లను లేపుతోందేమోనని వైద్యుల అనుమానం. వానకోయిల గారి స్నేహితురాలికి జరిగింది అదే కావచ్చు. దీన్ని పారడాక్సికల్ హైపర్‌ట్రైకోసిస్ అంటారు. ముఖం, మెడ మీదే ఎక్కువగా వస్తుంది. అందులోనూ చామనఛాయ, నలుపు చర్మాల్లోనూ హార్మోన్ల తేడా ఉన్న స్త్రీలలోనూ ఎక్కువగా కనిపించింది. అందరికీ రాదు. కానీ నూగు మీద లేజర్ వేయమని అడిగేవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా బల్ల మీద పడుకోబెట్టడం తప్పు. తెల్లబడిన వెంట్రుకల మీద లేజర్ పనిచేయకపోవడానికి కారణమూ ఆ రంగు లేకపోవడమే.

ఇక తర్వాత జరిగేది. ఎరుపు, చిన్న ఉబ్బులు కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల దాకా ఉంటాయి. కుదురుకు వేడి తగిలిందనడానికి అది గుర్తు. చల్లటి తడిగుడ్డ వేసి, వాసన లేని మాయిశ్చరైజర్ రాస్తే చాలు. ఒకటి రెండు రోజులు వేడినీళ్ల స్నానం, చెమట పట్టే వ్యాయామం, ఈత మానాలి. చంకలకైతే డియోడరెంట్ కూడా వద్దు. ముడతలకు, మొటిమలకు రాసే రెటినాల్ లాంటి క్రీములు మంట పూర్తిగా తగ్గాకే. వారం అటూ ఇటూగా కాలిన వెంట్రుకలు పైకి రావడం మొదలై, మూడు వారాల దాకా రాలుతూనే ఉంటాయి. ఆకుపచ్చదారి చూసిన నల్లచుక్కలు అవే. వాటిని గిల్లినా, ట్వీజర్‌తో పీకినా చర్మం పుండు కావచ్చు, మచ్చ మిగలవచ్చు.

ఆ తర్వాత కొన్నాళ్లు నున్నగా ఉండి మళ్లీ కొత్తవి మొలుస్తాయి. ఇక్కడే చాలామంది గుండెలు బాదుకుంటారు. ఒకే సమయంలో అన్ని కుదుళ్లూ ఎదిగే దశలో ఉండవు, లేజర్ దెబ్బ బాగా తగిలేది ఆ దశలో ఉన్నవాటికే. అప్పుడు విశ్రాంతిలో ఉన్నవి తర్వాత పైకి వస్తాయి. అందుకే ముఖానికి 4 నుంచి 6 వారాలకు, ఒంటికి 6 నుంచి 8 వారాలకు ఒకసారి చేస్తారు. మామూలుగా 6 నుంచి 8 సిట్టింగ్‌లు పడతాయి, ముఖానికి ఇంకా ఎక్కువ కావచ్చు.

వానకోయిల:
ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్సండీ. అయినా నా భయం పోలేదు. ఎరుపు మామూలే, ఉబ్బు మామూలే అంటున్నారు. మా ఆఫీసులో ఒకమ్మాయికి పై పెదవి మీద బొబ్బ లేచింది. ఫోన్ చేస్తే చేసినవాళ్లూ ఇదే మాట అన్నారట, మామూలే, తగ్గిపోతుందని. అది నల్ల మచ్చయి నెలల తరబడి ఉండిపోయింది. మామూలుది ఎక్కడ ఆగుతుంది, కానిది ఎక్కడ మొదలవుతుంది? అది చెప్పండి.

లేతవెలుగు:
అడగాల్సిన ప్రశ్న అడిగారు. రోజు గడిచేకొద్దీ తగ్గేది మామూలు. రోజురోజుకూ పెరిగేది కాదు. నీటి బొబ్బ లేస్తే అది కాలిన గాయమే, మామూలే అనడానికి వీల్లేదు. పక్కు కట్టడం, చీము పట్టడం, యంత్రం కొన ఆనిన ఆకారంలోనే గోధుమరంగు అచ్చులు పడటం కూడా అంతే. ఇలాంటిది కనిపిస్తే ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు. ఫోటో తీసి పెట్టుకుని అదే రోజు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. బొబ్బను చిదమకూడదు. నల్ల మచ్చలు చాలావరకు నెలల మీద తగ్గుతాయి. తెల్ల మచ్చ పడితే ఇంకా ఎక్కువ కాలం ఉండవచ్చు, ఒక్కోసారి అలాగే మిగిలిపోవచ్చు కూడా.

చర్మం రంగు ముదురయ్యేకొద్దీ కాలే అవకాశం పెరుగుతుంది. చర్మంలోనూ అదే మెలనిన్ ఉంది కాబట్టి వేడిని అదీ పంచుకుంటుంది. యంత్రాల్లో కాంతి తరంగాల పొడవును బట్టి రకాలున్నాయి. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లటి చర్మానికి బాగుంటుంది. ముదురు రంగుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ భద్రం. దాని కాంతి లోతుకు దిగుతుంది, పైచర్మంలోని రంగు దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. మధ్యలో 810 దగ్గర డయోడ్ ఉంది, పల్స్ నిడివి (కాంతి ఒక్కోసారి ఎంతసేపు పడుతుందన్నది), చర్మాన్ని చల్లబరచడం సరిగ్గా చూసుకుంటే చాలామందికి పనికొస్తుంది. మీ చెల్లి అక్కడ అడగాల్సింది ఏ యంత్రం, ఎవరు పట్టుకుంటారు, ముందుగా చిన్నచోట వేసి చూస్తారా అని. ఎండకు కమిలిన చర్మం మీద ఎవరు వేస్తామన్నా ఒప్పుకోవద్దు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 కానీ అంతకంటే ఎక్కువ కానీ, సిట్టింగ్‌లన్నీ అయ్యేదాకా రోజూ రాయాలి.

ముఖానికి వద్దన్న మీ మాట నేను పూర్తిగా ఒప్పుకునేది ఒకచోట ఉంది. కనుబొమ్మల కింద, కనురెప్పల దగ్గర వద్దే వద్దు. రక్షణ కళ్లద్దాలు పెట్టినా అక్కడ కాంతి లోపలికి పోయి కనుపాప దెబ్బతిన్న సంఘటనలు ఉన్నాయి.

చందనపువ్వు:
నాకు పీసీఓఎస్ ఉంది, అంటే హార్మోన్లు అదుపు తప్పి నెలసరి, వెంట్రుకల తేడాలు వచ్చే సమస్య. గడ్డానికి, దవడ కింద చేయించుకున్నాను. ఈ చర్చలో అందరూ వెంట్రుక గురించే మాట్లాడుతున్నారు, దాన్ని పుట్టించేదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. లేజర్ ఇప్పుడున్న ముతక వెంట్రుకను తీసేస్తుంది. లోపల ఆండ్రోజెన్లు అనే మగ హార్మోన్లు ఎక్కువగా ఉంటే, ఇవాళ నూగుగా ఉన్నది రేపు ముతకగా మారుతుంది. పాత ముతక వెంట్రుకలు పోయినా కొత్తవి తయారవుతూనే ఉంటాయి. నేను వెళ్లినచోట ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఆరు సిట్టింగ్‌లతో జీవితాంతం సమస్య తీరిపోతుందన్నారు. మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈ యంత్రాలకు అనుమతి ఇచ్చేదే వెంట్రుకల సంఖ్యను చాలాకాలం తగ్గించి ఉంచుతాయని, ఒక్కటీ మిగలకుండా పోతాయని కాదు. ఆ సంగతి డబ్బు కట్టకముందు చెప్పాలి కదా! మళ్లీ వచ్చినప్పుడు లోపం నా ఒంట్లోనే ఉందన్నట్టు మాట్లాడారు. అది ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

అయినా వద్దని చెప్పను. రోజూ తీయాల్సినవాటిని ఇప్పుడు ఎప్పుడో ఒకసారి తీస్తున్నాను, వచ్చేవి కూడా సన్నగా వస్తున్నాయి. డాక్టర్ రాసిచ్చిన మందులు వాడుతూ, మధ్యమధ్య మెయింటెనెన్స్ సిట్టింగ్‌కి వెళ్తున్నాను. వానకోయిల గారూ, మీ చెల్లికి నెలసరి సరిగ్గా వస్తోందా? ఈ వెంట్రుకలు ఈమధ్యే ఎక్కువయ్యాయా? అలాగైతే ముందు హార్మోన్ పరీక్షలు, తర్వాతే లేజర్.

గట్టుమీదిరాయి:
మగవాళ్ల తరఫున ఒక మాట. నాకు మెడ మీద షేవింగ్ చేస్తే వెంట్రుక కొన లోపలికే మళ్లి గుచ్చుకుని, పొక్కులై, చీము పట్టేది. కాలర్ తగిలితే రక్తం వచ్చేది. దానికోసమే చేయించుకున్నాను. వెంట్రుకలు అన్నీ పోలేదు, పోవాలని నేను కోరుకోనూలేదు. పల్చబడ్డాయి, పొక్కులు ఆగాయి. ముఖానికి వద్దు అని గంపగుత్తగా అనేస్తే నాలాంటివాళ్లు ఉన్న మందును వదులుకుంటారు. గడ్డం వెంట్రుకలు దట్టంగా ఉంటాయి కాబట్టి ఆడవాళ్లకంటే నొప్పి, ఉబ్బు ఎక్కువే ఉంటాయని మాత్రం తెలుసుకుని వెళ్లండి.

ఆకుపచ్చదారి:
నొప్పి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. తిమ్మిరి క్రీము ఇంట్లోనే మందంగా పూసుకుని, ప్లాస్టిక్ చుట్టుకుని వెళ్తే ఏమీ తెలియదని చాలామంది సలహా ఇస్తుంటారు. నేను అలాగే చేశాను, బాగానే ఉంది.

లేతవెలుగు:
చెల్లీ, దయచేసి ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వకు. మూతి మీద కొంచెం రాసుకోవడం వేరు, కాళ్లంతా పూసి ప్లాస్టిక్ చుట్టడం వేరు. ఆ క్రీములోని లిడోకైన్ అనే తిమ్మిరి మందు చర్మం గుండా రక్తంలోకి పోతుంది. లేజర్‌కి ముందు కాళ్లకు అలా పూసుకున్న ఇద్దరు యువతులు చనిపోయాక 2007లో ఎఫ్‌డీఏ దీని గురించే హెచ్చరిక ఇచ్చింది. ఎంత రాయాలో, ఎంతసేపు ఉంచాలో చేసేవాళ్లు చెప్పాలి.

ఆకుపచ్చదారి:
ఇది నాకు తెలియదక్కా. నేను చేసింది గడ్డానికే, అయినా ఇకమీదట ఎవరికీ చెప్పను.

వానకోయిల:
అందరివీ చెల్లికి చదివి వినిపించాను. చందనపువ్వు గారూ, మీరు అడిగినదానికి జవాబు అవును, నెలసరి సరిగ్గా రావడం లేదు. గడ్డం మీదివి ఈ ఏడాదే ఎక్కువయ్యాయి. కాబట్టి ముందు డాక్టర్ దగ్గరికి, పరీక్షలకు. ఆ తర్వాత గడ్డం కింద నల్లగా ఉన్నవాటికి చేయించుకుంటానంటే నేను అడ్డం చెప్పను. చెంపల నూగు జోలికి మాత్రం వెళ్లనివ్వను, దాని మీద నా మాట మారదు. పై పెదవి దగ్గర ఇంకా తేలలేదు. తనకి అక్కడ ఉన్నవి మరీ ముతకా కాదు, మరీ నూగూ కాదు. పరీక్షల రిపోర్టులు వచ్చేదాకా థ్రెడింగ్ చేయించుకోవచ్చా అని అడుగుతోంది.

లేతవెలుగు:
లేజర్ చేయించుకునే ఆలోచన ఉంటే ఇప్పటినుంచే థ్రెడింగ్, వాక్సింగ్, ట్వీజర్ అన్నీ ఆపేయమనండి. అవి వెంట్రుకను మొదలంటా పీకేస్తాయి, లేజర్ పట్టుకోవడానికి లోపల ఏమీ మిగలదు. రేజర్ వాడితే పర్వాలేదు, దానివల్ల వెంట్రుక ముతకబారదు. పై పెదవి సంగతి ఇక్కడ ఎవరం తేల్చలేం. చర్మవైద్యులు లెన్స్ పెట్టి చూసి, వెంట్రుక మందాన్ని బట్టి చెప్తారు. చూడకుండానే ప్యాకేజీ రాసేస్తే లేచి వచ్చేయమనండి.