ఆంత్రోపాలజీ చదివి అంతర్జాతీయ పర్యావరణ ప్రాజెక్టుల్లోకి వెళ్లినవాళ్లు ఉన్నారా?

పాడేరు_పిల్ల: ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ ఎమ్మే చివరి ఏడాదిలో ఉన్నాను. అడవి మీద బతికేవాళ్ల గురించి యుఎన్, వరల్డ్ బ్యాంక్ లాంటి చోట పని చేయాలని కోరిక. ఇంట్లోవాళ్లేమో గ్రూప్స్ రాయమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు: 11 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నానమ్మా. "ఆంత్రోపాలజిస్ట్" అని వెతికితే ఉద్యోగాలు పెద్దగా కనపడవు, "సోషల్ సేఫ్‌గార్డ్స్ స్పెషలిస్ట్" అని వెతుకు, ప్రాజెక్టుల వల్ల అక్కడి జనానికి నష్టం జరగకుండా చూసే పని అది. వరల్డ్ బ్యాంక్ 2018 నుంచి అమలు చేస్తున్న పర్యావరణ, సామాజిక ప్రమాణాలు 10 ఉన్నాయి, అందులో 5వది భూసేకరణ, పునరావాసం, 7వది ఆదివాసులది. ముందు ఆ రెండూ బాగా చదువు. నా మొదటి ఉద్యోగంలో రెండు రోజుల్లో ఆరు ఊళ్లు తిరిగి "అందరూ ఒప్పుకున్నారు" అని రాసిమ్మన్నారు. ఆడవాళ్లతో విడిగా కూర్చుంటే అప్పుడు బయటపడింది, జీలుగు చెట్లు పోతాయని వాళ్ల దిగులు, పట్టా భూమికి పరిహారం లెక్క కట్టారు కానీ ఆ చెట్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అదంతా రాశాను. రిపోర్టులోంచి తీసేశారు. నేనూ ఆ ఉద్యోగం మానేశాను.

కొండగాలి: నేను లావోస్‌లో రెండేళ్లు చేశాను. యుఎన్‌లో జేపీఓ (జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్) పోస్టులకు దాత దేశాలు డబ్బు పెడతాయి, ఎక్కువగా తమ పౌరులనే తీసుకుంటాయి, అందుకని మన పాస్‌పోర్టుతో యుఎన్ వాలంటీర్‌గా వెళ్లడమే దగ్గరి దారి. కాంట్రాక్టులు ఆరు నెలలు, ఏడాది, అంతే. 2025లో అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడినప్పుడు నాతో పనిచేసినవాళ్లు కొందరు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి, దాచొద్దు.

ఇప్పపువ్వు: మాది ఆదిలాబాద్ వైపు. నాకు పని తెచ్చింది డిగ్రీ కాదు, గోండి భాష. ఆంత్రోపాలజిస్ట్ హైమన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం ఉన్నాడు, అందుకే ఆ ఊళ్లో ఇప్పటికీ ఆయన్ను తలచుకుంటారు. దుబాసీని పెట్టుకుని అడిగితే మర్యాదకు చెప్పే జవాబులే వస్తాయి.

పాడేరు_పిల్ల: మా అమ్మమ్మ ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడుతుంది. నాకు అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే సిగ్గు. ఈ వేసవంతా అక్కడే ఉంటాను. గోదారిగట్టు గారూ, ఈలోగా ఏం రాయడం మొదలుపెట్టమంటారు?

గోదారిగట్టు: ప్రాజెక్టు రిపోర్టులు బ్యాంక్ సైట్‌లో అందరికీ పెట్టే ఉంటాయి. మన రాష్ట్రానిది ఒకటి తీసుకుని, ఊళ్లో ఎవర్ని అడగకుండా వదిలేశారో రెండు పేజీల్లో రాసి ఇక్కడ పెట్టు. చదివి చెప్తాను.