ఇంగ్లాండ్‌లో పదహారు దాటిన అబ్బాయికి స్కూల్ బస్సు ఖర్చు: దయచేసి సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో మిడ్‌లాండ్స్‌కి వచ్చాం. మా ఆవిడకి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, స్కిల్డ్ వర్కర్ వీసా. నేను డిపెండెంట్‌ని, ఇంకా పని వెతుక్కుంటున్నాను. టౌన్లో అద్దెలు అందక తొమ్మిది మైళ్ల అవతల పల్లెలో ఇల్లు తీసుకున్నాం.

పాపకి పన్నెండేళ్లు. టౌన్లోని స్కూల్లో సీటొచ్చింది, కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) వాళ్లు బస్సు పాస్ ఉచితంగానే ఇచ్చారు. బాబు మన దగ్గర టెన్త్ రాసి వచ్చాడు, మే నెలలో పదహారు నిండాయి. అదే స్కూల్లో సిక్స్త్ ఫార్మ్‌లో, అంటే మన ఇంటర్ లాంటి రెండేళ్ల చదువులో, సెప్టెంబర్ నుంచి చేరాలి. వాడి పాస్‌కి అప్లై చేస్తే ఏడాదికి ఎనిమిది వందల పౌండ్ల పైన కట్టమని మెయిల్ వచ్చింది. అదే బస్సు, అదే స్టాపు, అదే స్కూలు. పాపకి ఉచితం, వాడికి ఇంత డబ్బా? ఇక్కడ పద్దెనిమిదేళ్ల వరకు చదువు ఉచితమని విని వచ్చాం. నేను ఫారం తప్పు నింపానా? ఒక్క జీతం మీద ఉన్నాం, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఇద్దరు పిల్లల్ని సిక్స్త్ ఫార్మ్ దాటించిన తల్లి)

మీరు ఫారం తప్పు నింపలేదండీ. కట్టమన్నది నిజమే. మీ పోస్టు చదువుతుంటే నాలుగేళ్ల కిందట మా ఇంట్లో జరిగిందంతా గుర్తొచ్చింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ చట్టంలో రెండు వయసులున్నాయి. 1996 ఎడ్యుకేషన్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్ ఉచితంగా తీసుకెళ్లాల్సింది నిర్బంధ విద్య వయసులో ఉన్న పిల్లల్ని మాత్రమే. ఎనిమిదేళ్లు నిండినవాళ్లకి దగ్గర్లో ఉన్న తగిన స్కూలు మూడు మైళ్లకన్నా దూరమైతే పాస్ ఉచితం, అంతకన్నా చిన్నవాళ్లకి రెండు మైళ్లు. మీ పాపకి అలాగే వచ్చింది. ఆ వయసు ఎప్పుడు ముగుస్తుందంటే, పదహారు నిండిన విద్యాసంవత్సరంలో జూన్ చివరి శుక్రవారం నాడు. ఆ మర్నాటి నుంచి మీ బాబుని కౌన్సిల్ వేరే లెక్కలో చూస్తుంది.

ఇక రెండో వయసు. 2008లో చేసిన చట్టంతో చదువులోనో ట్రైనింగ్‌లోనో ఉండాల్సిన వయసు పెంచారు. 2013 నుంచి పదిహేడు, 2015 నుంచి పద్దెనిమిది. అంటే పిల్లాడు పద్దెనిమిది దాకా చదవాల్సిందేనని చెప్పారు కానీ, అక్కడికి చేర్చే బాధ్యతని మాత్రం పదహారు దగ్గరే వదిలేశారు. నాకు ఇది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. టౌన్లో ఇల్లున్నవాళ్ల పిల్లలు నడిచి వెళ్తారు. అద్దెలు అందక పల్లెకి వెళ్లినవాళ్లే ఈ డబ్బు కట్టుకోవాలి.

అలాగని కౌన్సిల్ ఏమీ పట్టించుకోకుండా ఉండటానికి వీల్లేదు. పదహారు దాటినవాళ్ల ప్రయాణానికి ఏ సాయం ఉందో, ఎంత తీసుకుంటారో రాసిన పాలసీని ఏటా మే 31లోపు బయటపెట్టాలి. మీ కౌన్సిల్ పేరు కొట్టి, పక్కన 'పోస్ట్-16 ట్రాన్స్‌పోర్ట్ పాలసీ స్టేట్‌మెంట్' అని వెతకండి. విసుగ్గా ఉన్నా మొత్తం చదవండి. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకి తగ్గింపు ఉందా, వాయిదాల్లో కట్టొచ్చా, అప్లికేషన్‌కి ఆఖరి తేదీ ఎప్పుడు, కాదంటే అప్పీల్ ఎలా చేయాలి, ఈ నాలుగూ అందులోనే దొరుకుతాయి. ప్రతి కౌన్సిల్‌దీ వేరే లెక్క. పక్క కౌంటీలో ఉన్న స్నేహితులు చెప్పింది మీకు వర్తించదు.

ఆఖరి తేదీ గురించి మా అనుభవం చెప్తాను. పెద్దాడికి పదకొండో ఇయర్ వరకు పాస్ దానంతటదే వచ్చేది కాబట్టి, ఈసారీ వస్తుందనుకున్నాం. ఆగస్టులో జీసీఎస్ఈ (మన టెన్త్ లాంటి పరీక్షలు) రిజల్ట్స్ వచ్చాక ఫోన్ చేస్తే, గడువు అయిపోయింది, ఆ బస్సులో సీట్లు నిండిపోయాయి అన్నారు. నవంబర్ దాకా వాడు రెండు బస్సులు మారి వెళ్లాడు. పొద్దున ఆరూ నలభైకి చిమ్మచీకట్లో, వానలో, ఫుట్‌పాత్ కూడా లేని రోడ్డు పక్కన వాడు నిలబడితే, నేను కిటికీలోంచి వాడి ఫోన్ వెలుతురు చూస్తూ నిలబడేదాన్ని. ఆ వెలుతురు బస్సెక్కాకే నాకు టీ గొంతు దిగేది. మొదటి బస్సు పది నిమిషాలు లేటయితే రెండోది పోయేది, వాడి మొదటి పీరియడ్ పోయేది. ఏడున్నరకి వాళ్ల పాత స్కూల్ బస్సు మా గుమ్మం ముందు నుంచే వెళ్లేది, అందులో వాడి చెల్లెలు. మీకు ఆ గతి రాకూడదు. అందుకే చెప్తున్నాను, ఈ వారంలోనే అప్లికేషన్ పూర్తి చేసేయండి. సీటు గ్యారంటీనా, లేక మిగిలితే ఇచ్చే స్పేర్ సీటా అన్నది కూడా అడగండి. స్పేర్ సీటైతే, ఉచితంగా హక్కున్న చిన్న పిల్ల ఎవరైనా వస్తే మధ్యలో వెనక్కి తీసుకోవచ్చు.

ఇంకో మాట. కౌన్సిల్ పాస్ ఒక్కటే దారి అనుకోకండి. మీ ఊరి మీదుగా మామూలు సర్వీసు బస్సు వెళ్తుందా? లండన్ బయట ఇంగ్లాండ్‌లో, పథకంలో చేరిన బస్సుల్లో ఒక వైపు టికెట్ మూడు పౌండ్లు దాటకూడదు. ఇది 2025 జనవరి నుంచి ఉంది, అంతకుముందు రెండు పౌండ్లు ఉండేది. 2027 మార్చి వరకు కొనసాగిస్తామన్నారు. ఒకే బస్సయితే రోజుకి ఆరు పౌండ్లు. స్కూలు ఏడాదికి 190 రోజులు, అంటే 1,140 పౌండ్లు. ఈ లెక్కన మీ కౌన్సిల్ పాసే చవక. కానీ సిక్స్త్ ఫార్మ్‌లో అన్ని రోజులూ వెళ్లాల్సిన పని లేకపోవచ్చు. టైమ్‌టేబుల్ వారానికి మూడు రోజులే అయితే 114 రోజులు, 684 పౌండ్లు. అప్పుడు ఏడాది పాస్ దండగ. టైమ్‌టేబుల్ అడగకుండా డబ్బు కట్టకండి. రెండు బస్సులు మారాల్సి వస్తే మాత్రం ఖర్చు రెట్టింపవుతుంది, అదీ చూసుకోండి. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి బస్సు కంపెనీలు అమ్మే టర్మ్ టికెట్లు చాలాచోట్ల దీనికన్నా తక్కువకే వస్తాయి, వాళ్ల వెబ్‌సైట్ కూడా చూడండి.

జవాబు (లండన్)

పైన అక్కగారు చెప్పింది నిజం. ఎక్కడ ఉంటున్నామన్నదాన్ని బట్టే అంతా ఉంది. మా అమ్మాయికి లండన్‌లో 16 ప్లస్ జిప్ ఆయిస్టర్ కార్డ్ అనే ప్రయాణ కార్డు ఉంది. లండన్ బరోలో (లండన్‌లోని స్థానిక కౌన్సిల్ పరిధిలో) ఇల్లుండి, ఫుల్‌టైమ్ చదువుతుంటే బస్సులు, ట్రామ్‌లు ఉచితం. ట్యూబ్‌లో (మెట్రో రైల్లో) పే యాజ్ యూ గో, అంటే వెళ్లినప్పుడల్లా కట్టే పద్ధతిలో, సగం చార్జీ. కార్డు తీసుకునేటప్పుడు ఒక ఫీజు, అంతే. గ్రేటర్ మాంచెస్టర్‌లో మా తమ్ముడి కొడుకు 'అవర్ పాస్' మీద బస్సుల్లో ఉచితంగా తిరుగుతున్నాడు, దానికి ఒక్కసారి పది పౌండ్లు కట్టారు. స్కాట్లాండ్‌లో అయితే 2022 జనవరి 31 నుంచి ఇరవై రెండేళ్లలోపు అక్కడివాళ్లందరికీ బస్సు ఉచితమే. మీరు ఎప్పుడైనా ఉద్యోగం మారాల్సి వస్తే ఇవి కూడా లెక్కలో పెట్టుకోండి. అద్దె ఒక్కటే చూసి ఇల్లు తీసుకుంటే దారిఖర్చు దాన్ని మింగేస్తుంది.

జవాబు (రైలు దారి ఉన్న ఊరి నుంచి)

దగ్గర్లో స్టేషన్ ఉంటే '16-17 సేవర్' అనే రైలు తగ్గింపు కార్డు తీసుకోండి. 35 పౌండ్లు. చాలావరకు టికెట్లు సగం ధరకే వస్తాయి. పొద్దున రద్దీవేళలో పనిచేస్తుంది, సీజన్ టికెట్ మీద కూడా పనిచేస్తుంది. ఏడాది పాటు, లేదా పద్దెనిమిదో పుట్టినరోజు వరకు, ఏది ముందొస్తే అంతవరకు చెల్లుతుంది.

పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరపాటున '16-25 రైల్‌కార్డ్' కొనకండి. ధర అంతే, కానీ తగ్గింపు మూడో వంతే. సీజన్ టికెట్‌కి పనికిరాదు. పైగా జూలై, ఆగస్టు తప్ప మిగతా నెలల్లో, పని రోజుల్లో పొద్దున నాలుగున్నర నుంచి పది దాకా కనీసం పన్నెండు పౌండ్ల చార్జీ అనే షరతుంది. స్కూలుకెళ్లేది సరిగ్గా ఆ టైమ్‌లోనే కదా. మేం మొదట అదే కొన్నాం.

జవాబు (ఈహెచ్‌సీపీ ఉన్న అబ్బాయి తల్లి)

మీకు అవసరం లేకపోవచ్చు కానీ, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మా బాబుకి ఆటిజం, ఈహెచ్‌సీ ప్లాన్ (ఈహెచ్‌సీపీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఏ సాయం అందాలో కౌన్సిల్ రాసిచ్చే పత్రం) ఉంది. పదహారు వరకు టాక్సీ వచ్చేది. ప్లాన్ ఉంది కదా, ఆగదులే అనుకున్నాను. పదహారు దాటాక ప్లాన్ ఉన్నంత మాత్రాన ప్రయాణం రాదు. మళ్లీ కొత్తగా అప్లై చేయాలి, కౌన్సిల్ కొంత డబ్బు కట్టమనీ అడగొచ్చు. మాకు మొదట కాదన్నారు. వాడు ఒంటరిగా రోడ్డు దాటలేడని, బస్సులో శబ్దానికి చెవులు మూసుకుని కింద కూర్చుండిపోతాడని డాక్టర్ ఉత్తరం, స్కూల్ ఉత్తరం జతచేసి అప్పీల్ చేశాం. రెండో దశలో ఒప్పుకున్నారు. మొదటి 'కాదు' విని ఊరుకోవద్దండీ. ఫోన్లో చెప్పినదానికి విలువ లేదు, ప్రతిదీ మెయిల్లోనే అడగండి.

మొదట అడిగినవారు

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పాలసీ చదివాను, గడువు ఇంకా పన్నెండు రోజులుంది. వాయిదాల్లో కట్టొచ్చని కూడా ఉంది. మా ఊళ్లో స్టేషన్ లేదు. సర్వీసు బస్సు ఉంది కానీ స్కూల్ బెల్లు కొట్టాక ఇరవై నిమిషాలకి చేరుతుంది. ఒక ప్రశ్న. స్కూల్ వెబ్‌సైట్‌లో '16 టు 19 బర్సరీ' (చదువుకునే పిల్లలకి ఆర్థిక సాయం) అని కనిపించింది. మా వీసా మీద 'నో రీకోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (ప్రభుత్వ నిధుల సాయం తీసుకోకూడదు) అని ఉంది. అది అడిగితే వీసాకి ఇబ్బంది అవుతుందా? అడగడానికే భయంగా ఉంది. మా ఆవిడైతే వద్దే వద్దంటోంది, సాయం కోసం చేయి చాచడం నామోషీ అని.

జవాబు (మొదటి జవాబు ఇచ్చిన తల్లి)

ఆ భయం మాకూ ఉండేది, అందుకే ఒక ఏడాది పోగొట్టుకున్నాం. వీసా మీద రాసిన పబ్లిక్ ఫండ్స్ అంటే ప్రత్యేకంగా ఒక జాబితా ఉంది, యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే భృతి), హౌసింగ్ సాయం లాంటివి. ప్రభుత్వ స్కూల్లో చదువు అందులో లేదు, మీ పిల్లలు చదువుతున్నది అలాగే కదా. బర్సరీ విషయానికొస్తే, ఆ డబ్బు స్కూల్ చేతిలోనే ఉంటుంది, ఎవరికివ్వాలో వాళ్లే చూస్తారు. ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్న పిల్లలకి, అంటే కౌన్సిల్ సంరక్షణలో పెరుగుతున్నవాళ్లలాంటి వారికి, ఏడాదికి 1,200 పౌండ్ల దాకా ఉంటుంది. మిగతావాళ్లకి డిస్క్రిషనరీ బర్సరీ, అంటే స్కూలు తన విచక్షణతో ఇచ్చేది. దానికి ఆదాయ పరిమితి ఒక్కో స్కూలుది ఒక్కో రకం. చాలాచోట్ల చేతికి డబ్బివ్వరు, బస్సు పాసే కొనిస్తారు. మీరు దాచేదేమీ లేదు. స్టూడెంట్ సపోర్ట్ వాళ్లకి మీ వీసా వివరాలు చూపించి, ఫండింగ్ నియమాల ప్రకారం మా అబ్బాయి అర్హుడా అని మెయిల్లో అడగండి. జవాబు కూడా మెయిల్లోనే తెప్పించుకోండి. వాళ్లు కాదంటే కాదు, అంతే. కానీ అడగకముందే మీకు మీరే కాదనుకోకండి.

మీ ఆవిడకి నా మాటగా చెప్పండి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పొద్దున్నే పిల్లాణ్ని తొమ్మిది మైళ్లు దింపి, మళ్లీ నిద్ర లేకుండా డ్యూటీకి వెళ్లిన నర్సుల్ని నేను చూశాను. ఆ ప్రయాణం కోసమే కేటాయించిన డబ్బుని పిల్లాడి పేరు మీద అడగడంలో చిన్నతనం ఏముందమ్మా? మా చిన్నదానికి అడిగాం, టర్మ్‌కి పాస్ ఇచ్చారు. క్లాసులకి సరిగ్గా రావాలన్నది ఒక్కటే షరతు.

స్కూలుకి వెళ్లినప్పుడు మూడు నెలల జీతం స్లిప్పులు, అద్దె అగ్రిమెంట్, కౌన్సిల్ పంపిన మెయిల్ ప్రింటు పట్టుకెళ్లండి. బర్సరీ ఫారాలు సెప్టెంబర్ మొదటి వారాల్లోనే ఇస్తారు, ఆలస్యమైతే డబ్బు అయిపోయిందంటారు. ఈలోగా కౌన్సిల్ పాస్‌కి మొదటి వాయిదా కట్టి సీటు ఖాయం చేసుకోండి. తర్వాత బర్సరీ వస్తే, కట్టిన వాయిదాలకి ఇస్తారా అని అడగొచ్చు. ఆ సర్వీసు బస్సుని కూడా పూర్తిగా కొట్టిపారేయకండి. బాబుకి మొదటి పీరియడ్ లేని రోజులుంటే దాంట్లో వెళ్లొచ్చు.

మొదట అడిగినవారు

ఈ రాత్రికే అప్లికేషన్ పెట్టేస్తున్నాను. మా ఆవిడ మీ జవాబు రెండుసార్లు చదివింది. గురువారం ఆమెకి ఆఫ్ ఉంది, స్కూలుకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.