తాడోబా సఫారీ: మే నెలలో అమ్మతో వెళ్లాలి, ఏ గేటు మంచిది?

కూకట్‌పల్లి కుర్రోడు
మే మొదటి వారంలో తాడోబా (మహారాష్ట్ర, చంద్రపూర్ దగ్గరి పులుల అడవి) అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, మా అమ్మ. అమ్మకి నడుము నొప్పి. హైదరాబాద్ నుంచి సొంత కారు. మొహర్లీ గేటా, కోలారా గేటా? కోర్ (లోపలి అడవి) టికెట్లు అయిపోయినట్టు చూపిస్తోంది, బఫర్ (దాని చుట్టూ ఉండే అంచు అడవి) తీసుకోవచ్చా? జిప్సీలో (పైకప్పు లేని సఫారీ జీపు) నడుము నొప్పి ఉన్నవాళ్లు కూర్చోగలరా? దారిలో భోజనం ఎక్కడ? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

హైవే రాజా
దారి నేను చెప్తా బ్రో. ఆదిలాబాద్ మీదుగా వద్దు. రాజీవ్ రహదారి పట్టుకుని మంచిర్యాల, ఆసిఫాబాద్, వాంకిడి, రాజురా, బల్లార్‌పూర్, చంద్రపూర్. మంచిర్యాల నుంచి సరిహద్దు దాకా నాలుగు లేన్ల రోడ్డు. మొహర్లీ చంద్రపూర్ నుంచి దగ్గరే. కోలారా చిమూర్ వైపు ఉంటుంది, నాగపూర్ నుంచి వచ్చేవాళ్లకి వీలు. మిగతావి నాకు తెలియదు, నేను పులుల కోసం కాదు, రోడ్డు కోసం వెళ్లా.

దుప్పి కూత
ముందు బఫర్ మాట మర్చిపోండి. బఫర్ అంటే ఊరి పొలిమేర, మేకలూ సైకిళ్లూ. ఏళ్ల తరబడి తాడోబా తిరుగుతున్నవాడిని, డ్రైవర్లు నన్నే దారి అడుగుతారు. పులి కావాలంటే కోర్, అందులోనూ పాంఢర్‌పౌని వైపు. పోయిన వేసవిలోనే అక్కడి పేరున్న ఆడపులి మాయ తన పిల్లలతో నీళ్లలో కూర్చుని ఉండగా అరగంట చూశా. కోర్ దొరక్కపోతే ట్రిప్ మానుకోండి.

నల్లమల అబ్బాయి
బఫర్‌ను అంత తీసిపారేయకండి సార్. పులికి కోర్, బఫర్ అని బోర్డులు చదవడం రాదు. ఛోటా మట్కా అనే మగపులి పేరు తెచ్చుకున్నదే నవేగావ్, అలీజంజా, నిమ్‌ఢేలా బఫర్ వైపు. నేను జునోనా బఫర్‌లో ఎలుగుబంటిని చూశా, ఇప్పచెట్టు కింద రాలిన పువ్వు ఏరుకు తింటోంది, మా బండి ఉన్నట్టే పట్టించుకోలేదు. కోర్‌లో ఆ పొద్దున మా వాళ్లకి దొరికింది దుమ్మే.

దుప్పి కూత
ఎలుగుబంటి కోసం అంత దూరం ఎవరు వెళ్తారు?

నల్లమల అబ్బాయి
నేను వెళ్తా. రేసుకుక్కల గుంపు కోసం కూడా వెళ్తా. అడవిదున్న రోడ్డుకి అడ్డంగా నిలబడితే చూడ్డానికి కూడా వెళ్తా. మీకు చారలు తప్ప ఏదీ జంతువు కాదన్నమాట.

కెమెరా పిచ్చి
ఒక్క నిమిషం. దుప్పి కూత గారూ, పోయిన వేసవిలో మాయను చూశారా? మాయ (టీ-12) 2023 ఆగస్టు తర్వాత ఎవరికీ కనబడలేదు. ఆ ఏడాదే అడవిలో చనిపోయిన పులి అవశేషాలు దొరికితే డీఎన్‌ఏ పరీక్ష చేసి మాయవేనని తేల్చారు. మీరు ఎవరిని చూశారు?

దుప్పి కూత
అదే చోటు, అదే నీళ్లు. గైడే చెప్పాడు మాయ అని.

కెమెరా పిచ్చి
పర్యాటకుడు అడిగితే గైడ్ ప్రతి ఆడపులినీ మాయ అంటాడు. ఫోటో పెట్టండి. ఏ రెండు పులులకీ చారలు ఒకేలా ఉండవు, పక్క భాగం కనబడితే పోల్చి చెప్పేస్తా.

దుప్పి కూత
ఫోటో ఎక్కడిదండీ, కోర్‌లో ఫోన్లు తీసుకెళ్లనివ్వరుగా.

కెమెరా పిచ్చి
కెమెరా తీసుకెళ్లనిస్తారుగా! ఏళ్ల తరబడి తిరుగుతూ ఒక్క కెమెరా లేదా?

దుప్పి కూత
నేను కళ్లతో చూసేవాడిని. మీలాగా లెన్సు వెనక బతకను. ఈ చర్చలో మర్యాద లేదు.

సికింద్రాబాద్ సుబ్బులు
ఫోన్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆ నిషేధం మంచిదే. ఒకప్పుడు ఒక డ్రైవర్‌కి పులి కనబడితే అందరికీ కాల్ వెళ్లేది, నిమిషాల్లో జిప్సీలన్నీ అక్కడ. పులి ఒకటి, దాని చుట్టూ పెళ్లి ఊరేగింపు. ఇప్పుడు కొంచెం నయం. ఫోన్ లేకపోతే మా ఆయనకి టెన్షన్, నాకు మాత్రం ప్రశాంతత.

పులి దొరకని బాధితుడు
ఎవరూ అడగలేదు గానీ నా గోడు వినండి. ఒక రిసార్ట్ వాళ్లు "పులి గ్యారంటీ" అని ఫోన్‌లో చెప్పి డబ్బు కట్టించుకున్నారు. వెళ్తే కొండముచ్చులు, కణితి, నెమళ్లు, మళ్లీ కొండముచ్చులు. తిరిగొచ్చి అడిగితే "గ్యారంటీ అంటే అడవిలో పులి ఉందని గ్యారంటీ సార్" అన్నారు. గ్యారంటీ అన్నవాడి దగ్గర బుక్ చేయకండి. పర్మిట్ మాత్రం మీరే మహారాష్ట్ర అటవీశాఖ వెబ్‌సైట్‌లో తీసుకోండి. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరు ఇస్తే ఆ ఒరిజినల్ చేతిలో ఉండాలి. మంగళవారం కోర్ మూత, ఇది చూసుకోకుండా తేదీలు వేసుకుని ఏడ్చినవాళ్లని చూశా.

ఆసిఫాబాద్ పోరడు
అందరూ సైటింగ్, సైటింగ్ అంటున్నారు. తాడోబాలో చోటు చాలక వయసొచ్చిన పులులు నదులు దాటి మా వైపే వస్తాయి. 2020లో దహెగాం మండలంలో ఒక యువకుడు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో చేనుకి పోయిన ఒక అమ్మాయి, ఇద్దరూ పులి దాడిలో పోయారు. ఆ తర్వాత మా దగ్గర తల వెనక మాస్కులు పెట్టుకుని పత్తి ఏరారు, పులి వెనక నుంచి వస్తుందని. మీకు జిప్సీ, గైడ్. మాకు చేను.

దుప్పి కూత
అడవిలోకి మీరే వెళ్తే పులి ఏం చేస్తుంది మరి?

ఆసిఫాబాద్ పోరడు
పత్తిచేను అడవా అన్నా? మేలో తునికాకు కోతకి అడవిలోకి పోతాం, అవును. సరదాకి కాదు, కట్టకింత అని డబ్బులొస్తాయి కాబట్టి. నువ్వు డబ్బు కట్టి పోతావు, మేము డబ్బు కోసం పోతాం. కూలికి పోయినోడిదే తప్పా?

నల్లమల అబ్బాయి
పోరడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చంద్రపూర్ జిల్లాలోనూ ఇదే కథ, ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారుజామున వంగి ఉన్నవాళ్ల మీదే దాడులు జరుగుతుంటాయి. 2012లో మన తెలంగాణ వైపున్న కవ్వాల్ అడవిని టైగర్ రిజర్వ్ చేసినా, పులి అక్కడిదాకా వెళ్లే దారిలో రోడ్లూ, రైలు పట్టాలూ, గనులూ. మధ్యలో ఇరుక్కునేది మీ ఊళ్లే.

హైవే రాజా
నేను మెచ్చుకున్న నాలుగు లేన్ల రోడ్డు కూడా ఆ దారిలోనిదేనా?

నల్లమల అబ్బాయి
అదే.

కూకట్‌పల్లి కుర్రోడు
అందరికీ థాంక్స్. అమ్మ నడుము గురించి ఎవరైనా...?

సికింద్రాబాద్ సుబ్బులు
తమ్ముడూ, మా అత్తగారిని తీసుకెళ్లా కాబట్టి చెప్తా. జిప్సీలో వెనక వరుస అసలు వద్దు, అది సరిగ్గా వెనక చక్రాల మీద ఉంటుంది, గుంత పడితే మనిషి గాల్లోకి లేస్తుంది. డ్రైవర్ వెనక మొదటి వరుస అడగండి, ముందే గైడ్‌తో చెప్పుకుంటే సర్దుతారు. ఒక దిండు, నడుము బెల్టు ఉంటే అదీ తీసుకెళ్లండి. బండికి ఆరుగురు దాకా ఎక్కుతారు, మీ నలుగురే వెళ్తే అమ్మకి ఒరగడానికి చోటుంటుంది. మధ్యలో ఎక్కడ పడితే అక్కడ దిగనివ్వరు, బాత్రూమ్ పని ముందే ముగించుకోవాలి. మేలో చంద్రపూర్ 45 డిగ్రీలు దాటడం మామూలే, మధ్యాహ్నం సఫారీ అమ్మకీ పాపకీ వద్దు, పొద్దునది తీసుకోండి. తడిగుడ్డ, మజ్జిగ మర్చిపోవద్దు.

దుప్పి కూత
మేలో సాయంత్రమే పులి నీళ్లలో దిగేది. వెనక్కి వెనక్కి నడిచి, ముందు తోక తడుపుకుని కూర్చుంటుంది. పొద్దున వెళ్తే అది మిస్.

సికింద్రాబాద్ సుబ్బులు
మిస్ అయితే అయింది, ముసలావిడకి వడదెబ్బ తగిలితే పులి వచ్చి గ్లూకోజ్ ఎక్కిస్తుందా?

కెమెరా పిచ్చి
నీళ్లలో వెనక్కి దిగడం మాత్రం కరెక్టే చెప్పారు. అది మాయ కాదు అంతే.

దుప్పి కూత
మళ్లీ మొదలా?

కూకట్‌పల్లి కుర్రోడు
సుబ్బులక్కా, చాలా థాంక్స్. జునోనా బఫర్ పొద్దున స్లాట్ దొరికింది, బుక్ చేసేశా.

మియాపూర్ మమ్మీ
హాయ్ అందరికీ, ఇప్పుడే చూశా ఈ చర్చ. మేము జులైలో అనుకుంటున్నాం, కోర్ ఉంటుందా? మా పెంపుడు కుక్కను కూడా తీసుకెళ్లొచ్చా?

నల్లమల అబ్బాయి
జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ మూత. బఫర్ ఉంటుంది. కుక్కని మాత్రం దయచేసి ఇంట్లో ఉంచండి మేడం.